పది తరంగాల పొడవు

చౌడేశ్వరి మేడం దేనిమీద పరిశోధన చేస్తోందని నగరి మగ్గాల వీధిలో ఎవరినడిగినా 'కొండ అంచు మీద' అనేవాళ్లు. అంతకుమించి వాళ్లకు తెలియదు, తెలియకపోవడం వాళ్ల తప్పూ కాదు. ఒక మనిషి పదకొండేళ్లు ఒకే అంచు పట్టుకుని వేలాడుతుంటే చుట్టుపక్కల వాళ్లు మాత్రం ఎన్నాళ్లని అడుగుతారు? మొదట్లో అత్త వరదమ్మ పెళ్లిళ్లలో కోడలి చదువు గురించి గొప్పగా చెప్పుకునేది. ఆరో ఏడు దాటాక 'ఇంగా కాలేదా' అని ఎవరైనా ఎత్తుకుంటే మజ్జిగ తెస్తానని లోపలికి పోయేది. ఆ తర్వాత పెళ్లిళ్లకు పోవడమే మానుకుంది.

ఆ అంచు సంగతి బ్రహ్మవిద్యేమీ కాదు. పొద్దున రైల్లో తిరుపతికి పోతుంటే నగరి ముక్కు కొండ కనబడుతుంది కదా, గొడ్డలి వాదర పైకి పెట్టి నిలబెట్టినట్టు. కొండకు ఇవతల ఫోన్ టవరు ఉందనుకోండి, అవతల పల్లె ఉందనుకోండి. టవరు నుంచి బయలుదేరిన తరంగం కొండను చీల్చుకుని పల్లెకు పోలేదు. అయినా పల్లెలో ఫోను మోగుతుంది, సగం మాటలు మింగేస్తూనైనా సరే. తరంగం కొండ అంచును తాకినచోట కాస్త వంగి నీడలోకి జారుకుంటుంది కాబట్టి. ఎంత జారుకుంటుంది, ఏ దిక్కుకు ఎంత? చౌడేశ్వరి జీవితంలో పదకొండేళ్లు ఈ ఒక్క ప్రశ్నకే పోయాయి.

రెండు గోడలు కలిసి అంచుగా తేలిన అలాంటి ఆకారాన్ని ఈ చదువు చదివినవాళ్లు వెడ్జి అంటారు. అది లోహంతో చేసిందైతే లెక్క నూరేళ్లకు ముందే తేలిపోయింది, పుస్తకాల్లో సూత్రం ఉంది. రాతిదైతే మాత్రం తేలలేదు. తరంగం రాతి లోపలికి దూరి, లోపల తిరిగి, మళ్లీ బయటకు వస్తుంది. దానికి సూత్రం లేదు. గోడను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క మీద తరంగం ఎంతో కంప్యూటర్‌తో కట్టుకుంటూ పోవాల్సిందే. సంఖ్యాపద్ధతులు అంటే ఇంతే. తెలివి కంటే ఓపిక ఎక్కువ కావాలి. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లకు ఓపిక ఎవరో నేర్పవలసిన పని లేదు.

చౌడేశ్వరి తండ్రి గోవిందు చేమగ్గం నేసేవాడు. ఆయన ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. షావుకారు ఇచ్చిన మాదిరి గుడ్డను మడిచి దేవుడి పటం కింద పెట్టుకునేవాడు. నేసిన ప్రతి చీర కొంగునూ ఆ మాదిరి మీద పరిచి, పోగు పోగుకీ కలిసిందంటేనే మగ్గం మీంచి దించేవాడు. కలవకపోతే విప్పడమే. తప్పు నేతలో ఉంటుంది గానీ మాదిరిలో ఎందుకుంటుంది? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. పిల్లకూ రాలేదు.

ఆ పిల్ల ఇంజనీరింగ్ చదివింది, ఎంటెక్ చేసింది, పవర్‌లూములు పెట్టుకున్న మురుగేష్‌ను పెళ్లి చేసుకుంది, చంద్రగిరి రోడ్డులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. పద్నాలుగేళ్లు పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చింది. కాలేజీవాళ్లు ఏడాదికోసారి పిలిచి, పీహెచ్‌డీ ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. చివరికొచ్చింది సార్ అని చెప్పేది. ఆఖరి ఏడు మాత్రం వాళ్లు అడగలేదు, కాగితం ఇచ్చారు. మే ముప్పై ఒకటిలోగా థీసిస్ యూనివర్సిటీలో పడకపోతే జూన్ నుంచి రావద్దని అందులో ఉంది. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు కూడా అదే తేదీ. ఆ రోజు దాటితే పదకొండేళ్ల రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే వయసు కాదు, నలభై మూడు.

ఆమె గైడు ప్రొఫెసర్ వెంకటముని. రాతి వెడ్జి మీద ఆయన తొంభైల్లో చేసిన పని విదేశీ పత్రికలో వచ్చింది. ఆయన జీవితంలో అలాంటిది అదొక్కటే. దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాడు. చౌడేశ్వరి చేరిన మొదటి రోజే తన ప్రోగ్రామంతా ఒక సీడీలో పెట్టి ఇచ్చాడు, పెళ్లిలో కూతురికి నగలిచ్చినంత మురిపెంగా. ఆ ప్రోగ్రాములో ఒక ముక్క ఉంది. లెక్క ప్రకారం వెడ్జి గోడలకు చివర ఉండదు, పోతూనే ఉంటాయి. చివర లేనిదాన్ని కంప్యూటర్లో ఎట్లా పెడతారు? ఎక్కడో ఒకచోట కోయాలి. కోసినచోట అసలు లేని కొత్త అంచు ఒకటి పుడుతుంది, అది కూడా తరంగాన్ని వంచుతుంది. ఆ దొంగ తరంగాన్ని తుడిచేసే సవరణ వెంకటముని సారు సొంతంగా రాసుకున్నాడు. ఒక అల మొదలు నుంచి ఇంకో అల మొదలు దాకా ఉన్న దూరాన్ని ఒక తరంగం అనుకుంటే, ఆయన గోడను సరిగ్గా పది తరంగాల పొడవు దగ్గర కోసేవాడు. ఆ కాలంలో యూనివర్సిటీ కంప్యూటర్ అంతకుమించి మోసేది కాదు.

చౌడేశ్వరి కూడా పది దగ్గరే కోసింది. ఏ దిక్కుకు ఎంత తరంగం పోతుందో చూపే సారు గీతతో కలపాలంటే అక్కడే కోయాలి మరి. కోణం మార్చింది, రాయి మార్చింది, తడి రాయి, పొడి రాయి, ఇసుకరాయి అని ఒక్కోదానికి ఏడాది పట్టింది. గీత వచ్చినప్పుడల్లా సారు గీత మీద పరిచి చూసుకునేది. కలిసేది. కలిసిన రోజు సాయంత్రం పుత్తూరు దాకా రైల్లో నిలబడి పోయినా కాళ్లు నొప్పి పుట్టేవి కావు.

మే పన్నెండో తేదీ మధ్యాహ్నం, థీసిస్ బైండింగుకు పోవడానికి రెడీగా ఉండగా, ఆమెకు ఒక చిన్న ఆశ పుట్టింది. కాలేజీలో కొత్త కంప్యూటర్లు దింపారు. వాటిమీద గోడను ఇరవై తరంగాల పొడవు పెట్టి ఒక్కసారి నడిపిస్తే గీత ఇంకా నున్నగా వస్తుంది, ఆఖరి అధ్యాయంలో అందంగా ఉంటుంది అనుకుంది. అందం కోసమే, వేరే ఏమీ లేదు. నడిపించి టీ తాగి వచ్చింది. గీత మారిపోయి ఉంది.

ఏదో తప్పు కొట్టి ఉంటానని మళ్లీ కొట్టింది. అదే. నలభై పెట్టింది. గీత ఇంకో చోటికి పోయింది. గోడను ఎక్కడ కోసినా జవాబు మారకూడదు, సవరణ ఉన్నదే అందుకు. లోహపు వెడ్జికి పెట్టి చూసింది. పది, ఇరవై, నలభై, అన్నీ ఒకటే గీత, పుస్తకంలోని సూత్రంతో సహా. రాయి పెడితే మళ్లీ చెదిరిపోతోంది. ఆ రోజు సాయంత్రం రైలు ఎక్కిందో లేదో కూడా ఆమెకు సరిగా గుర్తులేదు.

రెండు రోజుల్లో తప్పు దొరికింది. పదకొండేళ్లు కళ్లముందే ఉన్నది రెండు రోజుల్లో దొరికింది. సారు సవరణ గాలిలో పోయే తరంగాన్నే తుడుస్తోంది. కోసినచోట రాతి లోపల పోయే తరంగం అట్లాగే మిగిలిపోతోంది. లోహం లోపలికి తరంగం దూరదు కాబట్టి అక్కడ లెక్క సరిగ్గా వచ్చేది, వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రాయి విషయానికొస్తే ఆయన తప్పూ ఈమె తప్పూ ఒకటే తప్పు. తప్పు తప్పుతో పోగు పోగుకీ కలిసింది. థీసిస్‌లో ఉన్న నూట నలభై గీతల్లో లోహానివి తొమ్మిది. మిగిలినవన్నీ చెత్త.

రాతి లోపలి తరంగానికి కూడా సవరణ రాస్తే సరిపోతుందని ఆమె అనుకోకపోలేదు. రాసింది. ఎనిమిది రకాలుగా రాసింది. రైల్లో రాసింది, పరీక్ష హాల్లో కాపలా కూర్చుని రాసింది. ఒక కోణానికి కుదిరితే ఇంకో కోణానికి చెదిరేది. రెండేళ్లు ఉంటే చేయగలదేమో. ఆమె చేతిలో ఏడు రోజులున్నాయి.

మురుగేష్‌కు ఆదివారం చెప్పింది. అతను లూముకు నూనె వేస్తూ విన్నాడు.

"సరిజేస్తే సరిపాయె గదా?" అన్నాడు.

"సరిజేసేది నాకింగా తెలీదు. ఇంతవరకు ఎవురూ సరిగ్గా జెయ్యలా."

"తప్పుండాదని ఎవురికి తెలుసు?"

"నాకు."

"ఇంగెవురికి?"

అతను నూనెడబ్బా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కాసేపు ఆమెనే చూశాడు. మంచివాడు. ఈ పదకొండేళ్లలో ఒక్క మాట అనలేదు.

"ఇదో మే, నువ్వు ఎట్ల జేసినా నాకు సమ్మతమే," అన్నాడు. "అయితే మాయమ్మ ముందర మాత్రం ఇది ఎత్తొద్దు. థీసిస్ అయిపోయిందని ఆమె మళ్లీ జనాల్లో తిరగతా ఉండాది."

మరునాడు ఆమె తిరుపతిలో వెంకటముని సారు ఇంటికి పోయింది. ఆయనకు డెబ్బై ఏడేళ్లు. నీటికాసులు ముదిరి చూపు మూడేళ్ల కిందటే పోయింది. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, ఆమె చెప్పులు విడిచిన చప్పుడుకే గుర్తుపట్టాడు.

"బైండింగ్ అయిపాయెనా అమ్మా?"

"లేదు సార్. పొడుగు ఇరవై పెట్టి సూసినాను."

ఆయన ముఖంలో ఏం కదిలిందో ఆమె చూడలేకపోయింది, తల దించుకుని ఉంది. పనిమనిషి వచ్చి రెండు గ్లాసులు పెట్టి పోయింది.

"మారిందా?" అన్నాడు చివరికి.

"మారింది సార్. నలభైకి ఇంగా మారింది. రాతి లోపలిది మనం తుడవలేదు."

"మనం కాదు," అన్నాడు. "నేను."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన తిడతాడని, వాదిస్తాడని, ఎక్కడో నీ పొరపాటే అంటాడని ఆశపడి వచ్చింది. అట్లా అంటే బాగుండేది.

"తొంభై తొమ్మిదిలో కొత్త మిషన్ వచ్చినాది," అన్నాడాయన. "పన్నెండు పెట్టొచ్చు, పదైదు పెట్టొచ్చు. నేను పెట్టలేదు. టైమ్ లేదని చెప్పుకున్నాను. టైము శానా ఉన్నింది. పేపరు వచ్చేసి ఉండాది, ప్రమోషన్ వచ్చేసి ఉండాది. ఎందుకు పెట్టాల అనుకున్నా. నాకు భయమైంది, అంతే."

"మరి నాకు ఎందుకిచ్చినారు సార్ అది?"

ఆయన గ్లాసు కోసం చేయి చాపి తడుముకున్నాడు. ఆమె అలవాటుగా అందించింది, అందించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆయన మీద కోపంతో ఒళ్లు మండిపోతోంది, అయినా గ్లాసు వేళ్లకు సరిగ్గా అందిందా లేదా అని చూస్తోంది.

"ఉన్నదున్నట్టు రాయి," అన్నాడు టీ తాగాక. "లోహానికి సరే, రాతికి పని జెయ్యదు, ఇదీ కారణం అని ఒక పేజీ రాయి. సంతకం పెడతాను. నా పేపరు పోతే పోనీ. అయితే ఒకటి, ఆ పేజీతో డిగ్రీ ఇస్తారని నేను మాటియ్యలేను."

ఆమె ఆ పేజీ రాసింది. బాగా రాసింది. ఆ పదకొండేళ్లలో ఆమె రాసినదాంట్లో నిజమైన పరిశోధన అదొక్కటే. ముప్పయ్యో తేదీన బైండింగ్ షాపులో నిలబడి, కాగితాల కట్టలో నుంచి దాన్ని బయటికి తీసింది. పరీక్షకులు కాగితం చూసి తిరగ్గొట్టేస్తారు, మనిషి ఎదురుగా నిలబడి చెబితే వింటారు, వైవా రోజు నోటితో చెబుతాను అనుకుంది. నిజంగానే అనుకుంది. ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. అక్కణ్ణుంచి సారు ఇంటికి పోయి, ఆయన ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పట్టుకుని చూపించింది. పేజీ ఉందా అని ఆయన అడగలేదు.

ఆరు నెలలకు వైవా పెట్టారు. సెమినార్ హాల్లో ముందు వరసలో వెంకటముని సారును కూర్చోబెట్టారు, పక్కన ప్రిన్సిపాల్. వెనక మురుగేష్ ఇస్త్రీ చొక్కాతో, వరదమ్మ కంచి చీరతో. వచ్చేదారిలో వరదమ్మ రేణిగుంట స్టేషన్లో దిగి పూలు కొని కోడలి జడలో తనే పెట్టింది. బయటి పరీక్షకుడు ఎక్కడో దూరంగా తన ఇంట్లో కూర్చుని తెరమీద కనిపించాడు. ఆమె నలభై నిమిషాలు మాట్లాడింది. గీతలు ఒక్కొక్కటే వచ్చి పోయాయి. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. ప్రశ్నలప్పుడు చెబుతాను అనుకుంది.

పరీక్షకుడు గీతలు బాగా కలిశాయని మెచ్చుకున్నాడు. అక్షరదోషాలు రెండు చూపించాడు. తర్వాత కళ్లద్దాలు సవరించుకుని ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"గోడ పొడవు పది తీసుకున్నారు. పెంచి చూశారా? జవాబు ఏమైనా మారిందా?"

పదకొండేళ్లలో ఇంకెవ్వరూ అడగని ప్రశ్న. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఆమె హాల్లోకి చూసింది. వెంకటముని సారు చూపులేని ముఖాన్ని ఆమె గొంతు వచ్చే వైపుకు తిప్పి, రెండు చేతులూ కర్ర మీద పెట్టి, కదలకుండా ఉన్నాడు. చెప్పమంటున్నాడో వద్దంటున్నాడో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. వరదమ్మకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వుతోంది.

"చూశాను సార్," అంది చౌడేశ్వరి. "మారలేదు."

పరీక్షకుడు తల ఊపి, అభినందనలు డాక్టర్ చౌడేశ్వరి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటముని సారు కూడా కొట్టాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా. తర్వాత సమోసాలు పెట్టారు. ఆయన ఆమె తలమీద చేయి పెట్టి, కర్ర తడుముకుంటూ పోయి ఆటో ఎక్కాడు. ఆ తర్వాత ఏడాది కార్తీకంలో పోయాడు. పేపర్లో నాలుగు వరసలు వేశారు. రాతి వెడ్జి పని గురించి అందులో ఉంది.

కాలేజీలో ఆమెకు విడిగా గది ఇచ్చారు, తలుపు మీద పేరు రాయించారు. పాఠం మాత్రం ముందటికంటే గట్టిగా చెబుతోందని పిల్లలు అనుకునేవారు. తీరిక దొరికినప్పుడు సవరణ సరిచేద్దామని రెండుసార్లు ఆ ప్రోగ్రాము తెరిచింది. తెరిచి, అది సరైతే ఏమవుతుందో తలచుకుని, మూసేసింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. రైల్లో ఎవరైనా డాక్టర్ గారూ అంటే మాత్రం ఆమె కిటికీ వైపు తిరిగిపోయేది. ఆ సంగతి మురుగేష్‌కు తెలుసు, అతను కూడా ఎత్తేవాడు కాదు.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం చిత్తూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు నందిత, అక్కడ పీహెచ్‌డీ మూడో ఏడు చేస్తోంది. భయభక్తులతో తలుపు దగ్గరే ఆగిపోయింది. చేతిలో చౌడేశ్వరి థీసిస్ జిరాక్స్ కాపీ ఉంది. మూలలు నలిగి, ప్రతి పేజీలోనూ పెన్సిల్ గుర్తులున్నాయి.

"మూడుసార్లు సదివినాను మేడం," అంది కూర్చున్నాక. "రాతి వెడ్జి మీద ఇంత వివరంగా మన పక్క ఇంకెవురూ చేయలేదు. నాది వేరే పద్ధతి. దాంట్లో గోడను కోసే పని లేదు."

"కోసే పని లేదా?" అంది చౌడేశ్వరి.

"లేదు మేడం. లోహానికి సూత్రంతో సరిగ్గా కలిసింది. రాతికే మీ గీతతో కలవలేదు. తప్పు యాడుండాదో అని ఏడాదిన్నర ఎదికినాను. మా నాయన అయితే మానేసి బ్యాంకు పరీక్ష రాయమన్నాడు. ఏడ్చినాను కూడా. పోయిన నెలలో మా సారు లోపల ఒక గుణకం మార్చి సూడమన్నారు. ఎందుకు మార్చాలో నాకు ఇప్పుటికీ తెలీదు గానీ, మారిస్తే వచ్చేసింది."

ఫైలు తెరిచి రెండు కాగితాలు బల్లమీద పెట్టింది. ఒకదాంట్లో ఆమె గీతా చౌడేశ్వరి గీతా ఒకటై పోయి ఉన్నాయి. ఇంకోటి పాతది, ఆ గుణకం మార్చకముందుది. చౌడేశ్వరి ఆ రెండోదాన్నే చూసింది. అంచు దగ్గర లేచి, నీడలోకి మెల్లగా దిగిపోతున్న గీత. ఎక్కడా వణుకు లేదు. కింద చిన్న అక్షరాల్లో, రాతి రకాలు, కోణాలు, అన్నిటికీ పరీక్షించిన వివరాలున్నాయి. రాతి అంచు దగ్గర తరంగం ఏం చేస్తుందో తన జీవితంలో మొదటిసారి ఆమె కళ్లారా చూసింది. ఎవరూ చెప్పనక్కరలేదు, చూస్తే తెలిసిపోయింది. పదకొండేళ్లూ ఆమె వెతికింది ఇదే.

"అది వద్దు మేడం, అది తప్పుది," అంటూ నందిత ఆ కాగితాన్ని తన వైపు లాక్కుంది. చించి, రెండు ముక్కలూ ఫైలు అట్టలోకి తోసేసింది. మిగిలినదాన్ని ముందుకు జరిపింది.

చౌడేశ్వరి నోరు తెరిచింది. ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యంతో తలుపు మీది పేరు పోతుంది, చచ్చిపోయిన ముసలాయన పేరు పోతుంది, వరదమ్మ మళ్లీ జనంలో తిరగడం మానేస్తుంది. ఎదురుగా ఉన్న పిల్లకు మాత్రం దాని ఏడాదిన్నరా, దాని గీతా తిరిగి వస్తాయి. నందిత కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి.

"బాగా కలిసిందా మేడం?"

"బాగా కలిసింది," అంది చౌడేశ్వరి.

నందిత లేచి, వద్దంటున్నా వినకుండా వంగి, ఆమె కాళ్లకు దండం పెట్టింది.